కుడివైపు గొట్టం

మా ఆయన పోయాక ఆయన బండి ముందు చక్రానికి రెండు పక్కలా ఉండే షాకబ్జర్ గొట్టాల నుంచి నూనె కారడం మొదలైంది. మా అమ్మాయి రోజూ దాని మీదే మందుల దుకాణంలో పనికి వెళుతుంది. నూనె బ్రేకు మీద పడితే బండి ఆగదని ఎవరో భయపెట్టారు. వేరే దారి లేక మా మరిదికి కబురు చేశాను.

ఇంటి ముందరి షెడ్డులో అన్నదమ్ములిద్దరూ కలిసే బళ్లు బాగుచేసేవాళ్లు. ఒకనాడు మాటా మాటా వచ్చి మరిది ఇంకో వీధిలో షెడ్డు పెట్టుకున్నాడు. అన్న ఉన్నంతకాలం మళ్లీ మా గుమ్మం తొక్కలేదు.

వస్తూనే బండి ముందు చతికిలబడి నవ్వాడు.

"ఇంకా ఇలాగే ఉందా వదినా? ఈ కుడివైపు గొట్టం చూడు, ఎడమదాని కన్నా గోరంత పైకి పొడుచుకొచ్చింది. ఆ రోజు నేనన్నది దీన్నే. వంకర పని!"

ఆ మాటే అప్పుడు బళ్లు తెచ్చినవాళ్లందరి ముందూ అన్నాడు. మా ఆయన "అది అలాగే ఉండాలిరా" అని మాత్రం అని తల వంచుకున్నారు.

మరిది రెండు గొట్టాలూ ఊడదీసి, నూనె కారనివ్వని రబ్బరు సీళ్లు మార్చి, కొత్త నూనె పోశాడు. ఈసారి రెండింటి తలలూ సమానంగా పెట్టి బిగించాడు. చక్రం ఇరుసు ఎంతకీ దూరకపోతే సుత్తితో కొట్టి దూర్చాడు.

"ఇదిగో తల్లీ, ఇప్పుడు బండి బండిలా ఉంది."

అమ్మాయి వీధి చివరిదాకా వెళ్లి, బండి నడిపించుకుంటూ తిరిగొచ్చింది.

"బాబాయ్, కాస్త వేగం పెంచితే చాలు, చలిజ్వరం వచ్చినట్టు హ్యాండిల్ వణికిపోతోంది. నాన్న ఉన్నప్పుడు చేతులు వదిలేసినా తిన్నగా పోయేది."

"చేతులు వదిలేసి నడిపావా? ఉండు, మీ అమ్మకి చెబుతా."

"అమ్మ నీ వెనకాలే ఉంది బాబాయ్."

మరిది టైర్లలో గాలి చూశాడు. ఇంజను కింద చెక్కదిమ్మ పెట్టి ముందు చక్రం పైకి లేపి తిప్పాడు. వంకర లేకుండా తిరిగింది. గొట్టాల అడుగుభాగం పట్టుకుని ముందుకీ వెనక్కీ గుంజాడు. హ్యాండిల్ మెడలో వదులు లేదు. అప్పుడు నాలుగడుగులు వెనక్కి వెళ్లి, ఒక కన్ను మూసి చూశాడు. చక్రం నిటారుగా లేదు. వెంట్రుకవాసి పక్కకి ఒరిగి ఉంది.

ఇరుసు తీయడానికి మళ్లీ సుత్తే కావలసి వచ్చింది. ఆ చప్పుడు నాకు కొత్తగా తోచింది.

"మీ అన్నయ్య దాన్ని బొటనవేలితో తోసేవారు" అన్నాను.

మరిది సుత్తి కింద పెట్టాడు. రెండు గొట్టాలూ మళ్లీ ఊడదీసి, తుడిచి, షెడ్డులోని బల్ల మీద పక్కపక్కన నిలబెట్టాడు. కుడివైపుది గోరంత పొడుగు.

"ఇది ఈ బండిది కాదు వదినా."

"బండి ఒకసారి పడ్డప్పుడు అసలుది వంగిపోయింది. పాత సామాన్ల కొట్టు నుంచి ఏదో తెచ్చి వేశారు. పొడుగు సంగతి నాకూ తెలీదు."

"ఎక్కువైన పొడుగు అన్నయ్య పైకి తోసి, అడుగున రెండూ సమానం చేశాడు. ఇరుసు పట్టేది అడుగున కదా. నేను పైన చూసి..." సగంలో ఆపి గొంతు పెంచాడు. "చెప్పొచ్చుగా! అందరి ముందూ ఒక్క మాటతో నా నోరు మూయించొచ్చుగా!"

"అందరి ముందూ నిన్ను తక్కువ చెయ్యడం ఎందుకని ఊరుకున్నారు. నువ్వొచ్చి అడుగుతావని ఆ సాయంత్రం షెడ్డు తలుపు వెయ్యకుండా కూర్చున్నారు."

మరిది బల్ల అంచు పట్టుకున్నాడు.

"వచ్చాను వదినా. ఆ మలుపు దాకా వచ్చాను. తలుపు తీసి ఉంది, లోపల దీపం వెలుగుతోంది. నేను లేకపోయినా అన్నయ్య పని ఆగలేదులే అనుకుని వెనక్కి తిరిగాను."

అమ్మాయి నా వంక చూసింది.

కుడి గొట్టాన్ని మునుపటిలాగే పైకి తోసి బిగించాడు. ఈసారి ఇరుసును బొటనవేలితో తోశాడు. అది మెత్తగా వెళ్లిపోయింది. వేలు అక్కడే ఉంచి చాలాసేపు కూర్చున్నాడు.

అమ్మాయి ఒక చుట్టు తిరిగొచ్చింది. వణుకు లేదు.

"కానీ బాబాయ్, మళ్లీ పైకి పొడుచుకొచ్చింది. చూసినవాళ్లు నవ్వరూ?"

"నవ్వినవాణ్ణి నా షెడ్డుకి పంపు. నేను చెబుతా."

భోజనం చేసి వెళ్లమన్నాను. ఆకలి లేదన్నాడు. మలుపు దగ్గర ఆగి షెడ్డు వైపు చూశాడు. తలుపు తీసే ఉంది, లోపల ఎవరూ లేరు.