చద్దినీళ్ళు

“నీళ్ళు తోడావా, మంజూషా?” అని అత్తయ్యగారు గదిలోంచి అడిగేసరికి నేను వంటింట్లో దొంగలా నిలబడి ఉన్నాను. సింకు దగ్గరి వేడినీళ్ళ కుళాయి తిప్పి గిన్నె నింపాను. పొయ్యి మీద పెట్టి మంట వెలిగించాను. అది ఊరికే చూపించడానికి. మేడ మీది సోలార్ హీటర్ నుంచి వచ్చిన నీళ్ళు అప్పటికే పొగలు కక్కుతున్నాయి. “తోడుతున్నానండీ” అన్నాను. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది.

సోలార్ పెట్టించాలని పట్టుబట్టింది నేనే. ఈ పంజగుట్ట ఇంటికి కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ ఇంటిల్లిపాదికీ నీళ్ళు కాచి, బాత్రూముకి మోసి, “రండి, నీళ్ళు తోడాను” అని పిలవడం నా పని. ఆ తర్వాతే మైత్రీవనంలో నేను పాఠాలు చెప్పే కోచింగ్ సెంటర్‌కి పరుగు. గీజర్ అంటే అత్తయ్యగారికి షాకు కొడుతుందని భయం. నా కుడి భుజం పైకి లేవడం మానేశాక డాక్టరమ్మ బరువులెత్తొద్దంది. పక్క ఫ్లాటు చంద్రావతిగారు తమ సోలార్ చూపించి, “మా ఇంట్ల ఎవలి నీళ్ళు ఆళ్ళే పట్టుకుంటరు. మస్తు ఆరాం” అన్నారు. ఆ ఆరాం నాకూ కావాలనిపించింది. కావాలనుకోవడమే తప్పైపోయింది.

సోలార్ పెట్టించాక అత్తయ్యగారు ఆ కుళాయి ముట్టుకోలేదు. “నిన్నటి ఎండకి కాగి, రాత్రంతా ట్యాంకులో పడున్నవి చద్దినీళ్ళు కాదూ? వాటితో స్నానం చేసి, మడి కట్టుకుని, దేవుడి దగ్గర ఎలా కూర్చోమంటావ్?” అని చన్నీళ్ళు పోసుకోవడం మొదలుపెట్టారు. ధనుర్మాసం చలికి దగ్గు పట్టుకుంది. “నీ సుఖం కోసం మా అమ్మని మంచాన పడేసేలా ఉన్నావే” అన్నాడు మా ఆయన ప్రమోద్, దుప్పటిలోంచే. లేచి గిన్నెడు నీళ్ళు కాచి ఇవ్వడం ఆ కొడుక్కి తోచలేదు. అయినా ఆ మాట ముల్లులా దిగింది నాకు. అందుకే, మళ్ళీ కాచే తీరిక లేక, ఈ దొంగ మంట. ఆవిడ దగ్గు తగ్గింది, నాకు మనశ్శాంతి పోయింది. దీపం ముందు కళ్ళు మూసుకున్న ఆవిడని చూస్తే, నమ్మి కూర్చున్న మనిషికి ఎంగిలి వడ్డించినట్టుండేది.

ఇవాళ గిన్నె దించబోతుంటే వెనక అలికిడైంది. అత్తయ్యగారు.

“అప్పుడే కాగాయా?”

ఇంకో అబద్ధానికి నోరు రాలేదు. “ఇవి సోలార్ నీళ్ళేనండీ. రోజూ ఇవే పోస్తున్నాను. క్షమించండి” అన్నాను, ఏడుపు ఆపుకోలేక.

ఆవిడ స్టూలు మీద కూర్చున్నారు. “తెలుసులే. ఇన్నేళ్ళు నీళ్ళు కాచినదాన్ని, గిన్నెడు నీళ్ళు ఎంతసేపటికి కాగుతాయో నాకు తెలీదా?”

“మరి మడి?”

“మడి మాట అలా ఉంచు. మీ మావయ్యగారికీ, మరుదులకీ, ఆడపడుచులకీ తోడి తోడి, నా వంతొచ్చేసరికి చన్నీళ్ళే మిగిలేవి. నాకంటూ ఒకరు నీళ్ళు తోడి, రండి అని పిలిచింది నువ్వొచ్చాకే. కుళాయి వస్తే ఆ పిలుపు పోతుందనిపించింది. ఆ మాట నోరు తెరిచి ఎలా చెప్పను? చద్దినీళ్ళని వంక పెట్టాను.”

నా తప్పు తేలికవుతుందనుకున్నాను. ఇంకా బరువెక్కింది. ఇన్నాళ్ళూ ఆ పిలుపుని చాకిరీ అని విసుక్కుంటూ పిలిచాను. ఆవిడకి అది దక్కాల్సిందే. కానీ నా ఒక్కదాని భుజం మీదే ఎందుకు రావాలి?

పడగ్గదిలోకి వెళ్ళి ప్రమోద్ దుప్పటి లాగేశాను.

“ఏంటి పొద్దున్నే?”

“లేవండి. మీ అమ్మగారికి నీళ్ళు తోడి, రమ్మని పిలవండి.”

“నేనా?”

అత్తయ్యగారు నా వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. నిద్రపోతున్న కొడుకుని లేపినందుకు పాపం చేసినట్టే ఉంది నాకు. వద్దంటారనుకున్నాను.

“మరీ వేడిగా వద్దురా” అన్నారావిడ. “వేలు పెట్టి చూసి, అప్పుడు పిలువు.”