వాగుకట్ట మీద మిరపకాయలు

నాకు కోపం ఎక్కువని ఊరంతా అంటారు. ముప్పై ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా చేసినవాడికి కోపం లేకపోతే పిల్లలు లైన్లో నిలబడతారా? రెండువేల రెండు మార్చిలో ఒక ఉదయం తుమ్మలవాగు కట్ట ఎక్కి చూసేసరికి మాత్రం ఆ కోపం నషాళానికంటింది. వాకింగు కోసం మేం చదును చేసుకున్న ఆరడుగుల బాట, మైలు పొడవునా మిరపకాయలతో నిండిపోయి ఉంది.

మామూలు రోజైతే నాలుగు తిట్టి ఊరుకునేవాణ్ణి. ఆ రోజు తొమ్మిదింటికి వాటర్‌షెడ్ ఆఫీసరు శ్రీరమ్య గారు బాట చూడటానికి వస్తున్నారు. ఆవిడకు నచ్చితే దాన్ని వాగు పుట్టిన కొండ దాకా పొడిగిస్తారు. ఆ కొండ దాకా వాగు వెంట నడిచి వెళ్లాలన్నది రిటైరయ్యాక నాకు మిగిలిన ఒకే ఒక్క కోరిక.

కట్ట మీద హుస్సేన్ సాహెబ్ గోనెపట్టా పరుచుకుని కూర్చున్నాడు. చిన్నప్పుడు బళ్లో నా పక్కన కూర్చున్నవాడే.

"ఏరా హుస్సేనూ, ఇది కల్లమనుకున్నావా?"

"రాత్రి జల్లు పడి చేలల్లో కల్లాలన్నీ తడిసినయ్ రా. అక్కడే ఉంచితే కాయ తెల్లబడిపోద్ది. ఇంత ఎత్తుగా, గాలి తగిలే చోటు ఇంకెక్కడుంది?"

"ఏ ఏడూ లేని కాయ ఇప్పుడెక్కడిదిరా ఇంత?"

"వాగు మీద చెక్‌డ్యాము కట్టించింది నువ్వు కాదూ? బావుల్లో నీళ్లూరినయ్. అరెకరం వేసేవాళ్లం రెండెకరాలు వేశాం. ఇప్పుడు నన్నంటే ఎట్టా?"

చేసుకున్నవాడికి చేసుకున్నంత మహదేవ.

కాయలు ఎత్తించే వ్యవధి లేదు. జీపు రానే వచ్చింది. శ్రీరమ్య గారు దిగి, కట్టనూ నన్నూ మార్చి మార్చి చూశారు.

"వాకింగ్ ట్రాక్ అన్నారు కదండీ, మాస్టారూ?"

"ఇదేనండి" అన్నాను. అంత సిగ్గుపడిన రోజు నాకు గుర్తులేదు.

ఆవిడ ముందుకు అడుగు వేయబోతుంటే హుస్సేన్ భార్య జానీబీ అడ్డం వచ్చింది. అప్పటిదాకా ఆమె కాయలు తిరగేస్తోంది. మా వైపు ఈ పని కాళ్లతోనే చేస్తారు. పాదాలు ఎత్తకుండా, చాలు తీసినట్టు ఈడ్చుకుంటూ నడిస్తే అడుగున ఉన్న కాయ పైకి వస్తుంది.

"బూట్లొద్దమ్మా, కాయ పగిలిపోద్ది. అవి తీసేసి కాళ్లు ఈడుస్తా నడవండి. మీ నడకా అయిద్ది, మా కాయా తిరగబడిద్ది."

"కాళ్లు మండవా?"

"మొదట్లో మండుతయ్. తర్వాత మనమే అలవాటు పడతాం."

శ్రీరమ్య గారు బూట్లు విప్పి, మేజోళ్లతోనే కాయల్లోకి దిగారు. ఆవిడ పక్కన జానీబీ, ఆ పక్కన చెప్పులు విడిచి నేను. ముప్పై ఏళ్లు పిల్లల్ని కాళ్లెత్తి నడవమని అరిచినవాణ్ణి, బుద్ధిగా కాళ్లీడ్చుకుంటూ నడిచాను. పక్కన వాగులో నీళ్లు నిండుగా ఉన్నాయి. పది అడుగులకొకసారి ముగ్గురం తుమ్ముతూ, ఒకరిని చూసి ఒకరం నవ్వుకుంటూ చెక్‌డ్యాము చేరాం. వెనక్కి చూస్తే మైలు పొడవునా కాయలు తిరగబడి ఉన్నాయి. నాకు చెప్పలేనంత సంతోషం కలిగింది.

"కొండ దాకా బాట మంజూరుకు రాస్తున్నాను. వెడల్పు ఆరడుగులేనా?" అడిగారు ఆవిడ, కళ్లు తుడుచుకుంటూ.

"పన్నెండు రాయండి. మిరపకాయలకు కూడా చోటుండాలి గదండీ."

అప్పుడే మమ్మల్ని అందుకున్న హుస్సేన్ ఆ మాట విన్నాడు.

"పద్నాలుగు రాయమనరా. వచ్చే ఏడు మూడెకరాలేస్తన్నా."

పద్నాలుగే రాయించాను.