సొన పొక్కులు

గిరిప్రసాద్ మీద కోమలి కోపమంతా చెప్పుకుంటూ పోతే చాలా ఉంది గాని, మొదలు మాత్రం సత్తు కంచం. ఎనిమిది నెలలుగా ఆమె కంచాన్ని గొడ్లపాక చూరులో చెక్కి పెట్టించాడు ఆ మొగుడు. పొద్దున్నే లేచి కసువూడ్చి, ఆయనకూ అత్తకూ సంగటి కెలికి పెట్టి, అప్పుడు పాకలోకి పోయి తినాలి. ఆమె కెలికిన సంగటికి అంటని రోగం ఆమె తిన్న కంచానికి అంటుతుందట. ఆమె ఉతికిన పంచెకు అంటదు, ఆమె పడుకున్న చాపకు అంటుతుంది. ఎంత తెలివైన రోగం! పనికి మాత్రం ఎక్కడా అడ్డం రాదు.

"పెద్దరోగమ్మే అది, కుష్టు. మా పెదనాయనకు ఇట్లనే మొదలయ్యింది. వేళ్లు ఊడిపోతాయి సూడు," అని అత్త చౌడేశ్వరమ్మ వీధంతా వినేటట్టు అనింది.

తొమ్మిది సీజన్లు పల్పు ఫ్యాక్టరీలో తోతాపురి మామిడికాయల తొక్క తీసిన చేతులవి. ఆడవాళ్లంతా ముందు ఆముదం పూసుకునే కత్తి పట్టేవాళ్లు, సొన కాల్చకుండా. పోయిన సీజన్లో సూపర్‌వైజరు, పల్పుకు వాసన పడుతుందని ఆముదం మాన్పించాడు. అందరికీ పొక్కులు లేచాయి. సీజను అయిపోయాక అందరికీ మానాయి, కోమలికి మానలేదు. చేతులు మోచేతుల దాకా నల్లబడి, గీకేకొద్దీ మందమయ్యాయి. అందుకే అత్త మాట నమ్మింది.

నమ్మిందని తెలిశాక గిరిప్రసాద్ గొంతు మెత్తబడింది. "వేళ్లు పోయినాక వేలిముద్ర యాడ పడతాది కోమలీ? మీ నాయన ఇచ్చిన తోట ఇప్పుడే నా పేరున రాసెయ్. నేనేమన్నా మింగేస్తానా?"

రిజిస్ట్రారాఫీసులో మిషను ఆమె బొటనవేలిని నాలుగుసార్లు పట్టలేదు. కంచం ముట్టని ఆ మనిషే ఆ వేలిని తన పంచె అంచుతో తుడిచి, తన చేత్తో పట్టుకుని అద్దం మీద అదిమాడు. ఎనిమిది నెలల్లో ఆయన ఆమెను తాకింది ఆ ఒక్కసారే. కోమలికి కళ్లనీళ్లు తిరిగాయి, ఇంకా ప్రేమ ఉందనుకుంది. ఇప్పుడది తలుచుకుంటే చెప్పుతో తనను తానే కొట్టుకోవాలనిపిస్తుంది.

ఆ మరుసటి వారం, వేళ్లు పోకముందే మందు దొరుకుతుందేమోనని ఒక్కతే బస్సెక్కి చిత్తూరు పోయింది. పెద్దాసుపత్రిలో చర్మం డాక్టరు రూపశ్రీ ఆమె చేతుల్ని ఒళ్లోకి తీసుకుని, పక్కనున్న నర్సుతో రాయించింది: వెసికిల్స్, ప్లాకులు, మణికట్ల మీద లైకెనిఫికేషన్.

"అదేంది మేడమ్?"

"నీళ్లున్న చిన్న పొక్కులు వెసికిల్స్ అమ్మా. ఉబ్బెత్తుగా పరుచుకున్నవి ప్లాకులు. నెలల తరబడి గీకితే చర్మం ఇట్లా మందమై గీతలు లోతవుతాయి, అది లైకెనిఫికేషన్." కళ్లు మూయించి దూదితో అక్కడక్కడా తాకింది. ప్రతిచోటా కోమలి చెప్పగలిగింది. "స్పర్శ ఉంది. కుష్టు లక్షణాలేవీ లేవు. ఇది మామిడి సొనకు వచ్చింది, ఎవరికీ అంటదు."

ఒక్కొక్క పొక్కుకూ ఒక్కొక్క పేరు! మొగుడూ అత్తా అన్నిటికీ కలిపి ఒకటే పేరు పెట్టి మూలన తోశారు. బస్సులో ఆ మూడు పేర్లూ నోట్లో అనుకుంటూనే వచ్చింది.

ఇంటికి రాగానే ఆసుపత్రి చీటీ చూపించింది. గిరిప్రసాద్ చదవనైనా లేదు, నవ్వాడు.

"దీనికి చార్జీలు పెట్టుకోని చిత్తూరు పోవల్నా? మందులషాపు ఢిల్లీబాబు పోయినేడే చెప్పినాడు, సొన పుండని. నాకు తెల్దా ఏంది?"

అన్నాక గాని తానేమన్నాడో ఆయనకు తట్టలేదు. చౌడేశ్వరమ్మ చేటలో బియ్యం మీదికి తల వంచేసింది.

"తెలిసే పాకలో తినిపించినావా?" అంది కోమలి.

"ఊరికే అరస్తావేం మే? రేపట్నించి ఇంట్లోనే తిను పో."

"తోట?"

"రాసిచ్చింది రాసిచ్చిందే."

 మర్నాడు పొద్దున కోమలి సంగటి కెలకలేదు. చీటీ రవికలో పెట్టుకుని, మళ్లీ చిత్తూరు బస్సే ఎక్కి, కోర్టు ముందర వకీళ్లకు టైపు చేసే లోకేశ్వరి బల్ల దగ్గర నిలబడి, మొగుడు మోసంతో రాయించుకున్నాడని, కేసు పెట్టాలని చెప్పింది.

"ఏం పోయిందక్కా? వకీలమ్మకు చూపించాల, సరిగ్గా చెప్పు."

కోమలి చేతులు రెండూ బల్ల మీద పెట్టింది.

"పాకాల దగ్గర, మా నాయన ఇచ్చిన మామిడితోట. డెబ్బై మూడు సెంట్లు. ఇరవై ఎనిమిది చెట్లు, అన్నీ కాపు మీదుండేటివే."