చుక్కలమ్మ పక్క కుర్చీ

పొద్దున్నే ఆఫీసుకి రాగానే చుక్కలమ్మ చేసే మొదటి పని, తన పక్కనున్న కుర్చీని గోడవారకి తోసెయ్యడం. ఆ తర్వాతే కంప్యూటర్ ముందు కూర్చునేది. జంట నక్షత్రాలు ఆవిడ చదువు. రెండు నక్షత్రాలు బాగా దగ్గరగా తిరుగుతుంటే, ఒకదాని ఒంట్లో సరుకు రెండోదాని మీదికి జారుతుంది. జారేటప్పుడు భగ్గుమంటుంది. పైనున్న ఉపగ్రహం ఆ వెలుగుని అంకెలు చేసి కిందికి పంపుతుంది. జుట్టు నెరిసేదాకా ఆవిడ ఆ అంకెలతోనే కాపురం చేసింది.

కుర్చీ సంగతంటారా, ఆవిడ పక్కన ఎవరు ఎక్కువసేపు కూర్చున్నా వాళ్ల బరువు ఆవిడకి వచ్చేస్తుంది. చిన్నప్పటినుంచీ అంతే. ఆఫీసులో అందరికీ తెలుసు. పొట్ట పెరిగినప్పుడల్లా గుమాస్తా టిఫిన్ డబ్బా పట్టుకుని తయారయ్యేవాడు.

"మేడమ్, ఓ గంట మీ పక్కన కూర్చుంటా. పెళ్లినాటి ప్యాంటు పట్టి చావడంలేదు."

"వెళ్లి నడవండి, అదే పడుతుంది" అని తరిమేసేది. నవ్వుతూనే తరిమేది గానీ, అతను వెళ్లాక తిండి సయించేది కాదు. తన పక్కన ఓ మనిషి ఊరికే కూర్చుని ఎన్నేళ్లయిందో!

నా అన్నవాళ్లు అక్క ఒక్కతే. తల్లీ తండ్రీ పోయాక మిషను కుట్టి ఈవిణ్ణి చదివించింది. ఇద్దరిదీ ఒకటే మంచం. చెల్లెలు బొద్దుగా తయారవుతుంటే, అక్క తన బట్టలు తనే బిగించి కుట్టుకునేది. "తిన్నది నాకు ఒంటబట్టకపోతేనేం, నీకు పడుతోందిలే" అని నవ్వేది. ఉద్యోగం రాగానే చెల్లెలు ఊరి ఆ చివర గది తీసుకుని వెళ్లిపోయింది, అక్క మిగలాలని. ఫోన్లో మాత్రం రోజూ పోట్లాడుకునేవాళ్లు.

ఆ అక్కకి గుండెలో వాల్వు పాడైంది.

"ఈ బక్కప్రాణం మత్తుమందుకే తట్టుకోదు. కాస్త ఒళ్లు చేస్తే తప్ప నేను కత్తి పట్టను. ఆలస్యమైతే మాత్రం మనిషి దక్కదు" అన్నాడు డాక్టరు. అక్క ఎంత తిన్నా ఒళ్లు చెయ్యలేదు. చెల్లెలు ఆసుపత్రికి వెళ్లి, గుమ్మంలోనే నిలబడి మాట్లాడి వచ్చేసేది.

ఒకరోజు విద్యార్థులకి ఏటా చెప్పే పాఠమే చెబుతోంది. "ముందు ఇచ్చేది పెద్ద నక్షత్రం. ఇచ్చి ఇచ్చి చిక్కిపోతుంది. పుచ్చుకున్నది మాత్రం ఊరుకుంటుందా? కొన్నాళ్లకి అదీ ఉబ్బి, తన హద్దు దాటి పొంగుతుంది. అప్పుడిక బరువు వెనక్కి పోవడం మొదలు..." అంటూ నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. దీపం కింద చీకటంటే ఇదే మరి! తను పుచ్చుకునే మనిషినని చిన్నప్పుడు తేల్చుకుంది. ఉద్యోగం వచ్చాక ఎవర్నీ పక్కన కూర్చోనివ్వలేదు, మళ్లీ చూసుకున్నదీ లేదు.

పాఠం అక్కడే వదిలేసి ఆసుపత్రికి పరిగెత్తింది.

"అక్కా, నీ పక్కన కూర్చుంటాను. నా లెక్క తప్పయితే నిన్ను నా చేతులతో చంపుకున్నదాన్నవుతాను."

"నీ లెక్కలు తగలెయ్య! ఇన్నేళ్లకి కూర్చుంటానంటే వద్దంటానా? రా."

వెళ్లి అక్కని ఆనుకుని కూర్చుంది. సాయంత్రం నర్సు అక్క బరువు చూసి, "కాస్త పెరిగారండీ" అంది. చెల్లెలు ఇక కదల్లేదు. అక్క బుగ్గలు పూడుతున్నకొద్దీ చెల్లెలి మెడ ఎముకలు తేలాయి. చివరికి డాక్టరు వచ్చి, "చాలు, రేపే చేసేస్తాను. మీరిక లేవండమ్మా, పడిపోయేలా ఉన్నారు" అని వెళ్లాడు.

చెల్లెలు లేవలేదు.

"పుల్లైపోయావు, దూరంగా పోవే!" అని కసిరింది అక్క.

చెల్లెలు బావురుమంది. "ఎక్కడికి పోనక్కా? ఆ గదిలో ఒక్కదాన్నీ ఉండలేను. ఇన్నేళ్లూ ఉండలేకే ఉన్నాను."

అక్క చెల్లెలి చెయ్యి పట్టి దగ్గరికి లాక్కుంది. "నేను నిండాక మళ్లీ నీకే వస్తుందిగా. కొన్నాళ్లు నువ్వు లావు, కొన్నాళ్లు నేను లావు. ఇంతోటిదానికి వేరే కొంపెందుకే పిచ్చిదానా!" అంది.

ఆపరేషనయ్యాక, మత్తు దిగి కళ్లు తెరవగానే అక్క అడిగిన మొదటి మాట, "గది ఖాళీ చేశావా లేదా?"