మూలన పిన్ను గుచ్చిన తెర

నేను ఒక తెల్లటి తెరను. చీరాల మగ్గం మీద రెండు దుప్పట్లుగా పుట్టాను. శేషారత్నమ్మ నన్ను తెరగా కలిపి కుట్టింది. ఊడుతుందేమోనని కుట్టు మీద కుట్టు, గాలికి పిల్లల మీద పడుతుందేమోనని మూలమూలకీ తాడు. ఆవిడ చేతిలో తయారయ్యానేమో, నాకూ కాస్త భయం అంటింది.

ఆవిడ కూతురు హైమవతి పేటలోని గ్రంథాలయ సంఘానికి కార్యదర్శి. ఆదివారం పిల్లలకు ఉచితంగా సినిమా అని ఊరంతా చెప్పేసింది.

"సినిమా తీసినవాళ్ళని అడిగావుటే?"

"సీడీ కొన్నాం కదమ్మా! టికెట్టు కూడా పెట్టట్లేదు."

"పెళ్ళికి మనల్ని పిలిస్తే వీధినంతా వెంటబెట్టుకెళ్తామా? రేపు నిన్ను స్టేషన్లో కూర్చోబెడితే క్యారేజీ మోసేది నేనేగా!"

హైమవతి విసుక్కుంటూనే వాకబు చేసింది. అమ్మ మాటే నిజమైంది. ఇంట్లో చూసుకోవడానికి కొన్నది పదిమందికి వెయ్యాలంటే హక్కుదారు ఒప్పుకోవాలట. సినిమా తీసినాయన పోయారు. హక్కు ఇప్పుడు ఆయన భార్య సుభద్రగారిది. ఫోను కలవగానే శేషారత్నమ్మ లాక్కుంది.

"అమ్మా, మా పిల్ల మంచిదండీ. కేసు పెట్టకండి."

"ఏం చేసిందండీ?"

"ఇంకా ఏమీ చెయ్యలేదండీ. ఆదివారం చేద్దామనుకుంటోంది."

అవతల ఒకటే నవ్వు. అనుమతి కాగితం పంపిస్తానంటూ ఆవిడ ఒక్కటే కోరింది. "ఆఖర్న మావారి పేరు పడుతుంది. అది పడేలోపే అందరూ లేచిపోతారు. కాస్త కూర్చోబెట్టండమ్మా."

ఆదివారం శేషారత్నమ్మ ఆ కాగితాన్ని నా కుడివైపు కింది మూలన పిన్నుతో గుచ్చింది. పోలీసులొస్తే ముందు అదే కనపడాలట! ఆ కాగితం మీది నల్లటి అక్షరాల్లో కలిసిపోయి, సినిమాలో ఏనుగుకి తోక లేకుండా పోయింది.

కథ అయిపోగానే పిల్లలు చెప్పుల కోసం లేచారు. ఎవరూ లైటు వెయ్యకుండా ఆవిడ స్విచ్చిబోర్డుకి వీపు ఆనించి నిలబడింది. "కూర్చోండర్రా! పేర్లు చదవందే కదిలారో, మా హైమని పట్టుకుపోతారు!"

పాపం, పిల్లలు హడలిపోయి ఎక్కాలు వల్లించినట్టు పేర్లన్నీ చదివారు. ఆఖరి పేరు సరిగ్గా ఆ మూలనే పడింది.

"కాగితం అడ్డమొచ్చింది మామ్మగారూ!"

ఆవిడ ఒకసారి వీధి గుమ్మం వైపు చూసింది. ఒకసారి కూతురి వైపు చూసింది. తర్వాత వచ్చి, తనే పిన్ను తీసేసింది. పిల్లలంతా ఆ పేరు గట్టిగా చదివారు.

ఇప్పుడు సంఘానికి పెద్ద టీవీ వచ్చింది. నేను పెట్టెలో కలరా ఉండల మధ్య పడుకున్నాను. శేషారత్నమ్మ అప్పుడప్పుడు నన్ను విప్పి, మూలనున్న ఆ పిన్ను చిల్లుని వేలితో తడుముతుంది, పెద్దదవుతోందేమోనని.