మా ఆయన కాలినడక మొక్కు

కర్నూలు రాజధాని అయిన ఏడు జమ్మలమడుగు దారిలో బస్సు వాగు వంకలోకి పొర్లింది. మా ఆయన అందులోంచి మోచెయ్యి గీసుకుపోయి, మీసం మాత్రం చెక్కుచెదరకుండా బయటపడ్డాడు. ఊళ్లో ఆయన చెప్పే కథలో అయితే బస్సును భుజంతో ఎత్తింది ఆయనే! అంత మొనగాడు ఏడాదైనా మళ్లీ బస్సెక్కలేదు. సోమవారం తూర్పుకు శూల అంటాడు, మంగళవారం మంచిది కాదంటాడు, బుధవారం పిల్లి ఎదురొచ్చిందంటాడు. ఆ పిల్లి మా ఇంటిదే. లారీ హారన్ వినబడితే చేతిలో ముద్ద జారి కంచంలో పడుతుంది. జడుసుకున్నాడని తాయెత్తు కట్టించాను. ఏం లాభం లేదు.

ఇంతలో కడప నుంచి మా కూతురు నాగలక్ష్మమ్మ కార్డు రాయించింది. కొడుకు పుట్టాడట, తనకు ఒంట్లో బాగాలేదట, నాయనను చూడాలని ఉందట. ఇక ఊరుకుంటానా? ఆయనను బస్టాండుకు లాక్కుపోయాను. మెట్టు మీద ఒక కాలు పెట్టి, కడ్డీ పట్టుకుని అట్లే బిగుసుకుపోయాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది. లోపలున్న జనం నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

"ఏమయ్యా, బస్సును ఎత్తినోడివి ఎక్కలేవా? థూ, ఆ మీసం గొరిగించుకో పో!" అన్నాను, అందరి ముందరా.

ఆయన కాలు దించాడు. "నువ్వు పో. నేను నడిచొస్తా."

నేను ఆ సాయంత్రానికే చేరాను. ఆయన మూడో రోజు వచ్చాడు, కాళ్ల నిండా బొబ్బలతో. వియ్యపురాలు భీమమ్మ నోరు తెరవకముందే అందుకున్నాను.

"మొక్కు వదినా! మనవడు పుడితే నడిచొచ్చి చూస్తానని మహానంది శివయ్యకు మొక్కుకొన్యాడు."

ఇంకేముంది! భయమని చెప్పి ఉంటే పగలబడి నవ్వేవాళ్లే, ఆయన కాళ్లు కడిగి ఆ నీళ్లు నెత్తిన చల్లుకున్నారు. ఈ మహానుభావుడు దీవించాడు కూడా! సిగ్గన్నా ఉండొద్దూ?

మంచంలోంచి కూతురు బిడ్డను అందించబోయింది. "ఎత్తుకో నాయనా."

ఆయన చేతులు వెనక్కు పెట్టుకున్నాడు. "వద్దమ్మా. ఆ పొద్దు బస్సులో నా పక్కన చిన్న పాప కూర్చోనుండె. నా చెయ్యి పట్టుకొనుండె. బస్సు పొర్లుతాంటే నేనే ఇడిపించుకొని దూకితి. ఆ పాప బతకలా."

ఏడాదిగా నాతో ఈ మాట అనలేదు. ఎట్లా అంటాడు, నా నోరు అట్లాంటిది మరి. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆయనను గోడవారగా కూర్చోబెట్టి, బిడ్డను ఒళ్లో పెట్టాను. ఆయన చేతుల కింద నా చేతులు పెట్టాను.

"పట్టుకో. ఈ తూరి నేనుండా."

పట్టుకున్నాడు. నన్ను మాత్రం చేతులు తియ్యనీలేదు.