వేడి నిలిచే పాట్

టీ ఆకు, టీ సామాను అమ్మే ఆ కొట్లో నాది పద్దెనిమిదేళ్ల ఉద్యోగం. యజమాని పెద్దాయన అల్లుడు పెత్తనానికొచ్చి ఆరు వారాలు. వస్తూనే రెండు వందల పల్చటి గాజు పాట్‌లు దింపించి, బ్లాక్ టీకి ఏది మంచిదని ఎవరడిగినా ఇవే అంటగట్టమన్నాడు. ససేమిరా అన్నాను. గాజులో రంగు కనిపిస్తుంది, అందమే, కాదన్నదెవరు? కానీ బ్లాక్ టీకి మరిగే నీళ్లు పోసి నాలుగు నిమిషాలు మూత పెట్టాలి. ఆ వేడి నిలవకపోతే దిగేది రంగే, రుచి కాదు. మాట వినకపోతే ఇంటికి పంపిస్తానన్నాడు.

నిన్న ఒక టీచరమ్మ వచ్చింది. జబ్బు చేశాక వాళ్ల నాన్న నాలుకకి ఏ రుచీ తెలియడం లేదట. చిక్కటి బ్లాక్ టీ ఒక్కటే కాస్త తెలుస్తోందట. ఏ పాట్ కొనమంటారని అడిగింది. అల్లుడుగారు నా వెనకే నిలబడి దగ్గారు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఒక గాజు పాట్, రోజూ పెద్దాయనకి టీ పెట్టే నా మందపాటి పింగాణీ పాట్ పక్కపక్కన పెట్టాను. రెండింట్లోనూ వేడినీళ్లు తిప్పి పారబోసి, ఒకే కొలత ఆకు వేసి, మరిగే నీళ్లు పోశాను. నాలుగు నిమిషాలయ్యాక ఆవిడ గాజు దాంట్లోది ఒక గుక్క తాగి పక్కన పెట్టేసింది. పింగాణీ దాంట్లోది ఊదుకుంటూ ఆఖరి చుక్కదాకా తాగింది. అలాంటిదే కట్టించుకుని వెళ్లింది.

అల్లుడు ఒంటికాలి మీద లేచాడు. రేపట్నుంచి రావద్దన్నాడు. ఏప్రన్ విప్పి బల్ల మీద పడేసి, నా పాట్ సంచిలో పెట్టుకున్నాను. అది నా జీతంతో నేను కొన్నది. ఈ వయసులో ఇంకో కొట్లో ఎవరు పెట్టుకుంటారు? భయం వేసింది. అయినా తల దించలేదు.

అంతలో పెద్దాయన నాలుగింటి టీకి లోపల్నుంచి వచ్చాడు. అల్లుడే హడావిడిగా గాజు పాట్‌లో టీ పెట్టి అందించాడు. పాట్‌ని ముందు వేడి చేసుకోవాలని కూడా తెలియదు మహానుభావుడికి. పెద్దాయన ఒక్క గుక్క తాగి, మొహం చిట్లించి, నా సంచి వైపు చూశాడు.

"ఆ పాట్ ఉంచి వెళ్లమ్మా," అన్నాడు.

"అది ఒక్కటే ఉండదండీ. ఉంటే ఇద్దరం ఉంటాం. అబద్ధం చెప్పి మాత్రం అమ్మను."

పెద్దాయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కప్పులోది సింకులో పారబోసి, ఖాళీ కప్పు నా ముందుకి జరిపాడు.

నేను తొందరపడలేదు. ముందు ఆ ఏప్రన్ ఇలా అందివ్వమని అల్లుడికి చెప్పాను.